చూపు బాగున్నప్పుడే రెటీనా చూపించుకోవాలి: మధుమేహం ఉన్నవారికి ఏటేటా కంటి పరీక్ష

మా పెద్దమ్మకు మధుమేహం బయటపడి పద్నాలుగేళ్లు దాటినా కంటి వెనుక పొర అయిన రెటీనాకు ఒక్కసారి కూడా పరీక్ష జరగలేదు. కళ్లు చూపించుకొమ్మని ఎవరు చెప్పినా ఆమె సమాధానం ఒకటే: "చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుకుంటున్నాను, నా కళ్లకేమొచ్చింది?" ఆ మాటలో అబద్ధం లేదు. ఆమెకు నిజంగానే బియ్యంలో రాయి కనిపించేది, సూదిలో దారం ఎక్కేది. ఒకరోజు పొద్దున కుడి కంటి ముందు నల్లని దారం వేలాడుతున్నట్లు అనిపిస్తే, వెంట్రుక అడ్డం పడిందనుకొని కొంగుతో రెండు మూడుసార్లు తుడుచుకొంది. కన్ను ఎటు తిప్పితే దారం అటే కదిలింది. మధ్యాహ్నానికి అది పొగలా పరుచుకొంది. సాయంత్రానికి ఆ కంటికి దీపం వెలుగు తప్ప మరేదీ ఆనలేదు.

ఆ కంటి లోపల రక్తస్రావమైంది. అంతకు కొన్నేళ్ల ముందునుంచే రెటీనా మీద కొత్త రక్తనాళాలు పెరుగుతూ వచ్చాయని, ఆ దశలో చూసి ఉంటే లేజరుతో ఆపగలిగేవాళ్లమని డాక్టరు చెప్పినప్పుడు మేమెవరమూ మాట్లాడలేకపోయాం. కుడి కంటికి ఆపరేషన్ చేసినా చూపు పెద్దగా రాలేదు. అదే వ్యాధి అప్పటికే మొదలైన ఎడమ కంటిని మాత్రం లేజరు కాపాడింది. మధుమేహం ఉన్నవారు, వారింట్లోవారు ఈ పరీక్ష గురించి తెలుసుకోవలసిన విషయాలను వివరంగా రాయాలని నేను అనుకోవడానికి కారణం ఇదే.

చూపు తగ్గకుండానే వ్యాధి ఎలా ముదురుతుంది

కంటి వెనుక గోడకు లోపలివైపు పరచుకొని ఉండే పల్చని పొర రెటీనా. దానికి ప్రాణవాయువు అవసరం చాలా ఎక్కువ, దాన్ని అందించే రక్తనాళాలేమో వెంట్రుక కంటే సన్ననివి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ సన్నని నాళాల గోడలు బలహీనపడి, అక్కడక్కడా చిన్న బుడిపెల్లా ఉబ్బుతాయి. తరువాత వాటినుంచి రక్తం, నీరు, కొవ్వు పదార్థం కారి రెటీనాలో ఎర్రని చుక్కలుగా, పసుపుపచ్చని మచ్చలుగా నిలుస్తాయి. దీనినే డయాబెటిక్ రెటినోపతి అంటారు.

అక్షరాల బోర్డులో చివరి వరుస చదవడానికి మనం వాడేది రెటీనా నడిమధ్యనున్న మాక్యులా అనే చిన్న భాగాన్ని మాత్రమే. మిగతా రెటీనాలో ఎన్ని చుక్కలున్నా, ఎన్ని నాళాలు మూసుకుపోయినా, మాక్యులా బాగున్నంతకాలం అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తాయి. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. అందువల్ల "బాగా కనిపిస్తోంది" అన్న మాట మాక్యులా గురించి మాత్రమే నిజం, కంటి మొత్తం గురించి కాదు.

నాళాలు మూసుకుపోయి రెటీనాలో కొంత భాగానికి ప్రాణవాయువు అందనప్పుడు, ఆ భాగం కొత్త నాళాలు కావాలని సంకేతమిచ్చే ఒక ప్రోటీనును విడుదల చేస్తుంది. దానివల్ల కొత్త నాళాలు పుడతాయి. కానీ అవి నాసిరకంవి, రెటీనాలో ఉండవలసినవి కంటి మధ్యనున్న జిగురు పదార్థం వైపు పెరుగుతాయి, ఏదో ఒకరోజు చిట్లుతాయి. మా పెద్దమ్మ చూసిన నల్లదారం అలా చిట్లిన నాళంలోంచి కారిన రక్తమే. కొందరిలో ఈ నాళాల వెంట మచ్చలాంటి పీచు కణజాలం పెరిగి, అది ముడుచుకుపోతూ రెటీనాను గోడనుంచి లాగేస్తుంది. మరికొందరిలో కొత్త నాళాలతో సంబంధం లేకుండానే మాక్యులాలో నీరు చేరి వాపు వస్తుంది. అప్పుడు చదివే అక్షరాలు మసకబారతాయి, తలుపు అంచు, కిటికీ ఊచ వంటి తిన్నని గీతలు వంకరగా కనిపిస్తాయి.

ఈ రెండు ప్రమాదాలకూ ముందు కొన్ని నెలలో, చాలామందిలో కొన్ని ఏళ్లో వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో రోగికి ఏమీ తెలియదు, రెటీనా చూసిన డాక్టరుకు అన్నీ తెలుస్తాయి. ఏటేటా పరీక్ష అవసరమనడానికి దీనిని మించిన కారణం నాకు కనబడదు.

ఎవరు, ఎప్పుడు చూపించుకోవాలి

పెద్దవయసులో వచ్చే టైప్ 2 మధుమేహం ఉన్నవారు వ్యాధి బయటపడిన వెంటనే మొదటి పరీక్ష చేయించుకోవాలి. "షుగర్ మొన్ననే వచ్చింది, కళ్లదాకా వెళ్లడానికి ఇంకా పదేళ్లు పడుతుంది" అని చాలామంది అనుకుంటారు. మొన్న బయటపడినది రిపోర్టు మాత్రమే. వ్యాధి అంతకు కొన్నేళ్ల ముందే మొదలై ఉండవచ్చు. అందుకే రిపోర్టు వచ్చిన రోజునే రెటినోపతి ఉన్నట్లు తేలేవారూ ఉంటారు. మొదటి పరీక్షలో ఏమీ లేకపోతే ఆ తరువాత ఏడాదికొకసారి చాలు.

చిన్నవయసులో మొదలై ఇన్సులిన్ మీదే నడిచే టైప్ 1 మధుమేహంలో వ్యాధి మొదలైన తేదీ సాధారణంగా కచ్చితంగా తెలుస్తుంది కాబట్టి, పెద్దవారికి ఐదేళ్లలోపు మొదటి పరీక్ష జరిగి, తరువాత ఏటా కొనసాగాలి. పిల్లల విషయంలో ఎప్పుడు మొదలుపెట్టాలో వారికి చికిత్స చేసే డాక్టరు వయసును బట్టి చెబుతారు.

మధుమేహం ఉన్న స్త్రీ గర్భం దాల్చాలనుకుంటే ముందుగానే రెటీనా చూపించుకోవడం మంచిది. గర్భం వచ్చాక మొదటి మూడు నెలల్లో మరోసారి, ఆ తరువాత డాక్టరు చెప్పినన్నిసార్లు పరీక్ష జరగాలి. గర్భధారణలో రెటినోపతి వేగంగా ముదిరే అవకాశం ఉంది. గర్భంతో మాత్రమే వచ్చి కాన్పు తరువాత తగ్గిపోయే షుగర్‌కు సాధారణంగా ఈ హడావుడి అక్కరలేదు.

ఇన్సులిన్ గురించి విడిగా చెప్పాలి. "ఇన్సులిన్ మొదలుపెడితే కళ్లు పోతాయి" అనే మాట మన ఊళ్లలో బలంగా వినిపిస్తుంది. ఈ భయంతోనే ఇన్సులిన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేసి, ఆ ఏళ్లలోనే కళ్లు పాడుచేసుకున్నవారు ఉన్నారు. ఈ అపోహకు మూలం ఎక్కడో ఊహించవచ్చు. మాత్రలతో షుగర్ అదుపులోకి రాక, చాలా ఆలస్యంగా ఇన్సులిన్ మొదలుపెట్టేసరికి రెటీనా అప్పటికే దెబ్బతిని ఉంటుంది, నింద చివరికి వచ్చిన మందు మీద పడుతుంది. ఒక వాస్తవం కూడా ఇందులో కలిసి ఉంది: చాలాకాలం చాలా ఎక్కువగా ఉన్న షుగర్‌ను త్వరత్వరగా దించినప్పుడు, అప్పటికే ఉన్న రెటినోపతి కొన్ని నెలలపాటు కాస్త ముదరవచ్చు. దీనికి మందు మానేయడం పరిష్కారం కాదు. కొత్త చికిత్స మొదలయ్యే ముందు రెటీనా చూపించుకొని, మొదలైన కొన్ని నెలలకు మళ్లీ చూపించుకోవాలి. టైప్ 1 రోగులపై అమెరికా, కెనడాలలో జరిగి 1993లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనంలో ఈ తొలి ముదురు కనిపించింది. అయినా ఏళ్లు గడిచేకొద్దీ, షుగర్‌ను గట్టిగా అదుపులో ఉంచుకున్నవారికి కొత్తగా రెటినోపతి వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది.

పరీక్ష రోజు ఏం జరుగుతుంది

కళ్లజోళ్ల దుకాణంలో కంప్యూటర్ ముందు గడ్డం ఆనించి పవర్ చూపించుకోవడం రెటీనా పరీక్ష కాదు. ఆ యంత్రం మీకు ఏ నంబరు అద్దం కావాలో చెబుతుంది, అంతే. మా పెద్దమ్మ రెండేళ్లకొకసారి జోడు మార్చుకుంటూనే ఉండేది. ఆమె దృష్టిలో అదే కంటి పరీక్ష. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు వంటి శిబిరాల్లో జోడు తీసుకున్నవారు కూడా, తమకు రెటీనా చూశారా లేక చూపు మాత్రమే చూశారా అన్నది తెలుసుకోవాలి.

రెటీనాను పూర్తిగా చూడాలంటే కంటిపాప పెద్దది కావాలి. అందుకోసం కంట్లో చుక్కలమందు వేస్తారు. వేసినప్పుడు కొద్దిసేపు మండుతుంది. పాప విప్పారడానికి సాధారణంగా అరగంట వరకు పడుతుంది. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారి పాపలు త్వరగా విప్పారవు కాబట్టి రెండు మూడు విడతలు వేయవలసి రావచ్చు. ఇంకా ఎంతసేపని విసుక్కోకుండా కళ్లు మూసుకొని కూర్చోవాలి. చుక్కలు వేసేముందు రక్తపోటు, గుండెజబ్బు, నీటికాసులు ఉంటే సిబ్బందికి తప్పక చెప్పాలి.

ఈ పరీక్షకు పరగడుపున వెళ్లనవసరం లేదు. రక్తపరీక్షకు అలవాటుపడినవారు ఇక్కడికీ ఏమీ తినకుండా వచ్చి, ఇన్సులిన్ మాత్రం వేసుకొని, వరుసలో కూర్చొని కళ్లు తిరిగి పడిపోయిన సందర్భాలను నేను స్వయంగా చూశాను. ఎప్పటిలాగే టిఫిన్ చేసి, ఎప్పటి మందులు వేసుకొని వెళ్లాలి. పెద్ద ఆసుపత్రిలో పని ముగిసేసరికి మధ్యాహ్నం దాటవచ్చు కాబట్టి సంచిలో రెండు ఇడ్లీలో, నాలుగు బిస్కెట్లో, ఒక మంచినీళ్ల సీసాయో ఉండాలి. షుగర్ పడిపోయినట్లు అనిపిస్తే నోట్లో వేసుకోవడానికి చక్కెర పొట్లం కూడా ఉంచుకోవాలి.

వీటితోపాటు తీసుకెళ్లవలసినవి: మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు, ఇటీవలి రక్తపోటు కొలతలు, మూత్రపిండాల పరీక్షల కాగితాలు, వాడుతున్న మందుల చీటీ, ఇప్పటి కళ్లజోడు, పాత కంటి ఫైలు. ఎండ పొడ పడకుండా నల్లకళ్లద్దాలు కూడా ఉంటే మంచిది. చుక్కల ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. అంతసేపు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది. అందుకని బండి మీద ఒంటరిగా వెళ్లకూడదు. తోడుగా ఇంట్లోవారు ఒకరు ఉంటే డాక్టరు చెప్పినది రెండో చెవిన కూడా పడుతుంది.

పాప విప్పారాక డాక్టరు తలకు దీపం కట్టుకొని, చేతిలో ఒక లెన్సు పట్టుకొని, పైకి, కిందికి, పక్కలకు చూడమంటూ రెటీనా అంచులదాకా పరిశీలిస్తారు. కొన్నిచోట్ల ఫండస్ కెమెరాతో ఫొటో తీస్తారు. ప్రాథమిక పరీక్షగా ఫొటో మంచిదే. అయితే శుక్లం వల్లో, పాప చిన్నగా ఉండటం వల్లో ఫొటో స్పష్టంగా రాలేదని చెబితే, దాని అర్థం మీ కన్ను బాగుందని కాదు, పరీక్ష ఇంకా జరగలేదని. మాక్యులాలో వాపు ఉందనిపిస్తే ఓసీటీ అనే స్కాన్ తీస్తారు. అందులో నొప్పి లేదు, సూది లేదు. అవసరమైతే చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి నాళాల ఫొటోలు తీస్తారు. ఆ తరువాత ఒకరోజు పాటు చర్మం పచ్చగా, మూత్రం ముదురు పసుపుగా ఉంటే కామెర్లనుకొని కంగారుపడవద్దు.

కొత్త జోడు విషయంలో ఒక సూచన. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు కంటిలోని కటకం ఉబ్బి పవర్ మారిపోతుంది. ఆ రోజు రాసిన అద్దాలు షుగర్ దిగాక పనికిరావు. కొన్ని వారాలపాటు షుగర్ నిలకడగా ఉన్న తరువాతనే జోడు చేయించుకుంటే డబ్బు వృథా కాదు.

కాగితం మీద ఏం రాశారు

బయటికి వచ్చేముందు డాక్టరును నాలుగు మాటలు అడగాలి. రెటినోపతి ఉందా? ఉంటే ఏ దశ? మాక్యులాలో వాపు ఉందా? మళ్లీ ఎప్పుడు రావాలి? నాలుగో ప్రశ్నకు జవాబు తేదీ రూపంలో కాగితం మీద ఉండాలి. "అప్పుడప్పుడూ వస్తూ ఉండండి" అన్న మాటతో తిరిగి రాకూడదు.

చీటీలో ఎన్‌పీడీఆర్ అని ఉంటే కొత్త నాళాలు ఇంకా పుట్టలేదని అర్థం. దానికి ముందు తొలి, మధ్య, తీవ్ర అనే దశల్లో ఏదో ఒకటి రాసి ఉంటుంది. పీడీఆర్ అని ఉంటే కొత్త నాళాలు పుట్టాయి, ఇక ఆలస్యం తగదు. డీఎంఈ అంటే మాక్యులా వాపు. సాధారణంగా తొలి దశలో ఆరు నెలలనుంచి ఏడాదికి, మధ్య దశలో మూడునుంచి ఆరు నెలలకు, తీవ్ర దశలో మూడు నెలలలోపే మళ్లీ చూస్తారు. మీ తేదీ మీ డాక్టరు చెప్పినదే.

ఈ కాగితం నకలు ఒకటి షుగర్ డాక్టరుకు చేరాలి. రెటీనాలో మచ్చలు కనిపించాయంటే మూత్రపిండాల్లోని సన్నని నాళాలను కూడా పరీక్షించవలసిన సమయం వచ్చిందన్నమాట. రక్తపోటు కూడా షుగరంత ముఖ్యం. బ్రిటన్‌లో టైప్ 2 రోగులపై జరిగి 1998లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, రక్తపోటును గట్టిగా అదుపు చేసినవారిలో రెటినోపతి ముదరడం 34 శాతం తగ్గింది.

చికిత్స అవసరమైతే

లేజరు అనగానే భయపడేవారు ఎక్కువ. రెటీనా అంచుల్లో ప్రాణవాయువు అందని భాగాన్ని లేజరుతో కాల్చడం వల్ల కొత్త నాళాలను పిలిచే సంకేతం ఆగిపోతుంది. ఈ చికిత్సతో తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గుతుందని 1976 నాటికే అమెరికాలో రుజువైంది. రెండు మూడు విడతల్లో, కంటికి మత్తు చుక్కలు వేసి, కూర్చోబెట్టే చేస్తారు. రాత్రి చూపు, పక్క చూపు కొంత తగ్గవచ్చు. ఇది పోయిన చూపును తేదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది. "లేజరు చేయించినా చూపు పెరగలేదు" అని బాధపడేవారికి ఈ మాట ఎవరో ముందే చెప్పి ఉండవలసింది.

మాక్యులా వాపుకు కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తారు. మొదట్లో నెలకొకటి చొప్పున కొన్ని పడతాయి. వీటితో చాలామందికి చూపు మెరుగవుతుంది, కానీ మధ్యలో మానేస్తే వాపు తిరిగి వస్తుంది. రక్తం నిండిపోయినా, రెటీనా లాగబడినా, కంటి మధ్యనున్న జిగురు పదార్థాన్ని తీసివేసే విట్రెక్టమీ అనే ఆపరేషన్ మిగులుతుంది. అది పెద్ద ఆపరేషన్, ఫలితం కంటి పరిస్థితిని బట్టి ఉంటుంది.

శుక్లాల ఆపరేషన్ అయినవారు ఇక కళ్లకు ఢోకా లేదనుకుంటారు. శుక్లం కంటి ముందుభాగంలోది, రెటీనా వెనుకది. ఆపరేషన్‌కు ముందు రెటీనా చూడాలి, తరువాత కూడా చూడాలి. మాక్యులా వాపు ఉన్నవారికి ఆపరేషన్ తరువాత అది పెరగవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి

రెటీనా చూడగలిగే ఏ కంటి డాక్టరైనా మొదటి పరీక్షకు సరిపోతారు. హైదరాబాదులో మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వానివి. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాఖలు, పల్లెల్లో విజన్ సెంటర్లు ఉన్నాయి. ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు తమకు రాసిన చికిత్స అందులో ఉందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవారిని ముందే అడగాలి. పిల్లల దగ్గరికని విదేశాలకు ఆరు నెలలు వెళ్లే తల్లిదండ్రులు టికెట్ కొన్న వారంలోనే రెటీనా చూపించుకొని, ఆ కాగితాన్ని వెంట తీసుకెళ్లాలి. అక్కడ అకస్మాత్తుగా కంటి చికిత్స అవసరమైతే అయ్యే ఖర్చును మామూలు ప్రయాణ బీమా చెల్లిస్తుందని నమ్మకం పెట్టుకోలేం.

క్రమం తప్పని పరీక్ష ఒక దేశాన్నే మార్చగలదనడానికి ఇంగ్లండు ఉదాహరణ. అక్కడ 2003లో మధుమేహులందరినీ ఉత్తరం పంపి పిలిచే జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇంగ్లండు, వేల్సులలో పనిచేసే వయసువారి అంధత్వానికి దాదాపు ఐదు దశాబ్దాలు మొదటి కారణంగా ఉన్న మధుమేహం, 2009-10 లెక్కల్లో మొదటిసారి ఆ స్థానంనుంచి దిగింది. మన దేశంలో 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం 10 కోట్లమందికి పైగా మధుమేహులు ఉన్నారు. మనలో చాలామందికి పిలుస్తూ ఉత్తరం రాదు, మనమే వెళ్లాలి.

రెండు పరీక్షల మధ్య

రెండు కళ్లూ తెరిచి చూసినప్పుడు బాగున్న కన్ను పాడైన కంటి లోటును దాచేస్తుంది. మా పెద్దమ్మ ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండరుకు ఎదురుగా, నేల మీద గీసిన సుద్దగీత దగ్గరే నిలబడి, కుడి కన్ను అరచేతితో మూసి, ఎడమ కంటితో తిథి, నక్షత్రం రాసిన చిన్న అక్షరాలు చదువుతుంది. రెండు కళ్లలో చూపున్నవారు ఒక్కొక్క కన్నూ మూసి రెండింటినీ విడివిడిగా ఇలా చూసుకోవాలి. గత వారం చదివిన అక్షరం ఈ వారం చెదిరినా, గీతలు వంగినా కొన్ని రోజుల్లోనే డాక్టరును కలవాలి. కంటి ముందు కొత్తగా నల్లని దారాలు, మసి రేణువులు, మెరుపులు, పక్కనుంచి దిగే తెర కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి. ఇవేవీ లేకుండా అక్షరాలన్నీ చక్కగా కనిపిస్తున్నా, చీటీ మీద రాసిన తేదీకి వెళ్లాలి.